బీటెక్‌లో బ్యాక్‌లాగ్‌లు మూడు, గేమ్‌లలో 187. ఎక్కడ మొదలుపెట్టాలి?

సప్లీ_శీను | 22 జూన్ 2025, రాత్రి 11:40

అందరికీ నమస్తే. సమ్మర్ సేల్ వస్తోందని విష్‌లిస్ట్ సర్దుతూ, ఎందుకో లైబ్రరీలో ఇంతవరకు పూర్తి చేయని గేమ్‌లు ఎన్నున్నాయో లెక్కపెట్టాను. స్టీమ్, ఎపిక్ (కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణాలు) కలిపి 187. బీటెక్‌లో నాకు మిగిలినవి మూడే బ్యాక్‌లాగ్‌లు. వాటికే ఇంట్లో ఎన్ని మాటలు పడ్డానో నాకు తెలుసు. వీటిని అడిగేవాళ్లు లేరు కాబట్టి పదేళ్లుగా పేరుకుపోయాయి.

నా పరిస్థితి చెప్తాను. కూకట్‌పల్లి, ఐటీ ఉద్యోగం, ఐదేళ్ల పాప. పాపని పడుకోబెట్టి, గిన్నెలు సర్ది కూర్చునేసరికి పదిన్నర. పన్నెండు కాకముందే కళ్లు మూతలు పడతాయి. ఎంత లాగినా గంటంపావు, అదీ వారానికి నాలుగు రోజులు.

ఇక సిగ్గుచేటు సంగతి. విచర్ 3 ఇప్పటికి నాలుగుసార్లు మొదలుపెట్టాను. నాలుగుసార్లూ మొదట్లో వచ్చే వైట్ ఆర్చర్డ్‌లో గ్రిఫిన్ అనే రెక్కల మృగాన్ని చంపి, తర్వాతి ప్రాంతం వెలెన్‌లో అడుగుపెట్టి, ఆఫీసులో ఏదో రిలీజ్ టెన్షన్ వచ్చి ఆపేశాను. రెండు నెలలయ్యాక తెరిస్తే ఏ బటన్ దేనికో గుర్తుండదు. సరే అని మళ్లీ మొదటి నుంచి. గ్రిఫిన్‌కి కూడా నా మొహం చూసి విసుగొచ్చి ఉంటుంది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అయితే 2020 నుంచి మొదటి అధ్యాయం మంచులోనే ఉన్నాను.

ఎవరైనా దారి చూపించండి. ఎక్కడ మొదలుపెట్టను?

గోదారిగట్టు | 23 జూన్ 2025, ఉదయం 6:15

నా బ్యాక్‌లాగ్ సున్నా. గొప్పకి చెప్పట్లేదు, ఒకటి పూర్తి చేయకుండా రెండోది కొనను, అంతే.

మా రాజమండ్రిలో నెట్ సెంటర్లో వైస్ సిటీ ఆడేవాణ్ణి. సేవ్ స్లాట్లు ఎనిమిది, ఆడేవాళ్లం ఇరవైమంది. ఇవాళ నేను సేవ్ చేసి వెళ్తే రేపటికి దాని మీద ఇంకెవడి సేవో ఉండేది. ఆ బొమ్మ హెలికాప్టర్‌తో బిల్డింగ్‌లో బాంబులు పెట్టే మిషన్ నేను ఎన్నిసార్లు చేశానో దేవుడికే తెలియాలి. అయినా చివరిదాకా ఆడాను. ఎందుకంటే వేరే గేమ్ లేదు. నీకు 187 ఉండడమే నీ జబ్బు శీనూ.

వెలెన్_బాటసారి | 23 జూన్ 2025, ఉదయం 9:02

వెలెన్ దాకా వచ్చి వెనక్కి వెళ్లడమేంటి బ్రో! అసలు గేమ్ మొదలయ్యేదే అక్కడ. క్రోస్ పెర్చ్ కోటలో బ్లడీ బ్యారన్ అనే దొరని కలిశాక ఆపేశావంటే ఒప్పుకుంటాను, కలవకముందే ఆపేస్తే మాత్రం లెక్కలోకి రాదు.

ఈసారి కొత్త గేమ్ పెట్టకు. పాత సేవ్‌నే తెరువు. లోడ్ అయ్యేటప్పుడు ఇప్పటిదాకా జరిగిన కథని హీరో స్నేహితుడు డాండెలియన్ బొమ్మలతో చెప్తాడు కదా, దాన్ని స్కిప్ చేయకుండా విను. జర్నల్లో క్వెస్ట్‌లు (చేయాల్సిన పనులు) కూడా అతని గొంతుతోనే రాసి ఉంటాయి, అవి చదివితే సగం గుర్తొస్తుంది. డిఫికల్టీని అన్నిటికంటే తేలికైన 'జస్ట్ ద స్టోరీ'కి దించెయ్, ఎవరూ మార్కులు తగ్గించరు. మ్యాప్ మీద ప్రశ్నార్థకాల జోలికి పోకు. స్కెలిగె దీవుల దగ్గర సముద్రం నిండా ఉంటాయి అవి. నేను పడవేసుకుని వాటి వెంట తిరిగి ఒక నెల పోగొట్టుకున్నాను, దొరికినవన్నీ అమ్ముకునే సామాను.

జాయ్‌స్టిక్_జానకి | 23 జూన్ 2025, మధ్యాహ్నం 1:20

శీను గారూ, ముందు ఆ 187 అనే అంకెని కాస్త దులపండి. అందులో ఎపిక్‌లో ప్రతి గురువారం ఉచితంగా వచ్చినవి ఎన్ని? మా అమ్మ అటక మీద స్టీలు డబ్బాలుంటాయి. ఎవరెవరి ఫంక్షన్లలోనో రిటర్న్ గిఫ్టుగా ఇచ్చినవి. పేర్లు కూడా చెక్కి ఉంటాయి. వాటిలో పప్పులు పోసుకోలేదని మా అమ్మ ఏనాడూ బాధపడలేదు. ఫ్రీ గేమ్‌లూ అంతే. బ్యాక్‌లాగ్ అంటే మీరు డబ్బిచ్చి, ఆడాలని ఆశపడి కొన్నవి మాత్రమే.

సప్లీ_శీను | 23 జూన్ 2025, రాత్రి 10:50

జానకి గారూ, లెక్క చూశాను. ఎపిక్ ఫ్రీవి 104. 2020 మేలో జీటీఏ 5 ఉచితంగా ఇవ్వడానికి ముందే, ఆ ఏడాది మొదట్లో ఖాతా తెరిచాను. అప్పటి నుంచి గురువారం రాత్రి గుడికి వెళ్లి ప్రసాదం తెచ్చుకున్నట్టు ఏదో ఒకటి తెచ్చుకుంటున్నా. కట్టగా అమ్మే బండిల్స్‌లో అంటుకుని వచ్చినవి ఇంకో 40. అవి పోగా 43.

గుండె కొంచెం తేలికపడింది.

టెక్సాస్_తెలుగోడు | 24 జూన్ 2025, ఉదయం 7:30

డాలస్ నుంచి. లెక్క నేను వేస్తా. వారానికి ఐదు గంటలు నీ బడ్జెట్. విచర్ 3 కథ ఒక్కటే పట్టుకుంటే యాభై గంటలు, అంటే పది వారాలు. ఆ 187 ఒక్కోటి పది గంటలే అనుకున్నా ఏడేళ్లు దాటుతుంది, మీ పాప ఏడో తరగతికొస్తుంది. 43 అయితే పర్లేదు, ఏడాదిన్నరకి కాస్త ఎక్కువ.

ఇంకోటి. 2024కి స్టీమ్ వాళ్లు ఇచ్చిన రీప్లే (ఏడాదంతా జనం ఏం ఆడారన్న) లెక్కల్లో, ఆడేవాళ్లందరినీ వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో నిలిచిన మనిషి ఆ ఏడాది మొత్తం ఆడినవి నాలుగంటే నాలుగు గేమ్‌లు. ఆ సంవత్సరం కొత్తగా వచ్చిన గేమ్‌ల మీద జనం పెట్టిన సమయం 15 శాతమే. అందరూ పాతవే ఆడుతున్నారు, ఎవరూ వెనకబడి లేరు.

నాకైతే చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ పనిచేసింది. బటన్ నొక్కితే నిద్రపోతుంది, మళ్లీ నొక్కితే అదే క్షణంలో లేస్తుంది. పిల్లవాడి స్విమ్మింగ్ క్లాసు బయట కూర్చుని రెండు గేమ్‌లు అవగొట్టా.

సప్లీ_శీను | 24 జూన్ 2025, రాత్రి 11:05

అన్నా, డెక్ మన దగ్గర అధికారికంగా అమ్మరు. బయట చెప్పే రేటుకి ఇంకో 43 గేమ్‌లు వస్తాయి.

రాత్రిడ్యూటీ | 25 జూన్ 2025, తెల్లవారుజాము 4:10

హాస్పిటల్లో నైట్ షిఫ్ట్ నాది, అందుకే ఈ టైమ్‌లో పోస్ట్. ఖమ్మం.

అన్నా, విచర్‌తో మొదలుపెట్టకు. పదేళ్లు వ్యాయామం చేయనోడు తిరుమల కొండ మెట్లతో మొదలుపెట్టినట్టుంటుంది. ముందు చిన్నవి ఆడు. వాట్ రిమెయిన్స్ ఆఫ్ ఎడిత్ ఫించ్ రెండు గంటలు. పోర్టల్ మూడు గంటలు. ఫైర్‌వాచ్, ఇన్‌సైడ్ నాలుగు గంటల లోపే. వారానికి ఒకటి అయిపోతుంది. చివర్లో పేర్లు తెర మీద పైకి పోతుంటే చూడడం నువ్వు ఎన్నేళ్లయింది? ఆ రుచి నోటికి తగలాలి ముందు.

నీ టైమ్‌కి సరిగ్గా సరిపోయేవి ఇంకో రెండు. హేడిస్‌లో ఒక్కో ప్రయత్నం అరగంట. కష్టంగా ఉంటే గాడ్ మోడ్ ఉంది. చచ్చిన ప్రతిసారీ నీకు తగిలే దెబ్బ రెండు శాతం చొప్పున తగ్గుతూ పోతుంది. రెండోది ఔటర్ వైల్డ్స్. అందులో ప్రతి 22 నిమిషాలకి సూర్యుడు పేలిపోయి మళ్లీ మొదటికొస్తావు. (ఇది స్పాయిలర్ కాదు, మొదటి అరగంటలోనే తెలుస్తుంది.) తెలుసుకున్న సంగతులన్నీ షిప్‌లో లాగ్ రాసిపెడుతుంది కాబట్టి మర్చిపోతానన్న బెంగ లేదు. పాప మధ్యలో లేచినా పోయేది 22 నిమిషాలే.

గోదారిగట్టు | 25 జూన్ 2025, ఉదయం 6:30

రెండు గంటల గేమ్‌కి డబ్బులెందుకు, సినిమాకి పోతే పాప్‌కార్న్ కూడా వస్తుంది.

రాత్రిడ్యూటీ | 25 జూన్ 2025, ఉదయం 6:34

ఈ రోజుల్లో పాప్‌కార్న్ రేటు చూశారా సార్? సేల్‌లో ఫైర్‌వాచే చవక.

జాయ్‌స్టిక్_జానకి | 26 జూన్ 2025, రాత్రి 9:45

సేల్ ఇంకో ముప్పావు గంటలో, సరిగ్గా శీను గారు గిన్నెలు సర్దుకుని కూర్చునే టైమ్‌కి మొదలవుతుంది. కాబట్టి అసలు విషయం ఇప్పుడే చెప్పేస్తాను.

మీరు గేమ్‌లు ఆపేయడానికి కారణం టైమ్ లేకపోవడం కాదని నాకనిపిస్తోంది. మీరే రాశారు చూడండి, రెండు నెలల తర్వాత తెరిస్తే ఏమీ గుర్తుండట్లేదని. ఆగడం ఎవరికైనా తప్పదు, తిరిగి ఎక్కేటప్పుడు పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. నేను ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకున్నాను. మానిటర్ ఆపేముందు మూడు లైన్లు రాస్తాను. ఎక్కడ ఆగాను, రేపు రాగానే ఏం చేయాలి, చేతికి అలవాటు కాని బటన్ ఏది. రెండు నిమిషాల పని. రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ ఆడినప్పుడు ఇంకా ఎక్కువ రాసేదాన్ని. ఆ ఓడలో అరవైమందికి ఏమైందో తేల్చాలి, టోపీలు, యాసలు, ఎవడు ఎవడి పక్కన నిలబడ్డాడు, అన్నీ రాసుకోవాల్సిందే. మా వారు ఆ పేజీలు చూసి నేనేదో క్రైమ్ నవల రాస్తున్నాననుకున్నారు.

రెడ్ డెడ్‌లో హీరో ఆర్థర్ మోర్గాన్ కూడా డైరీ రాసుకుంటాడు, బొమ్మలు కూడా వేస్తాడు. మీరు మంచు దాటి కిందికి దిగితే కదా చూసేది! ఆ మొదటి అధ్యాయం రెండు గంటలే, దాటేయండి.

సప్లీ_శీను | 26 జూన్ 2025, రాత్రి 11:58

నోట్‌బుక్ దొరికింది. పాప స్కూలుది, నాలుగు పేజీలు చింపేసి ఉంది.

సేల్‌లో రెండు కొన్నాను. ఇప్పుడు 45. తిట్టకండి.

గోదారిగట్టు | 27 జూన్ 2025, ఉదయం 6:05

తిట్టను. నవ్వుకుంటున్నా.

సప్లీ_శీను | 13 జూలై 2025, రాత్రి 11:30

అప్‌డేట్. పోర్టల్ అయిపోయింది! 2011లో కొన్నాను, 2025లో పూర్తయింది. ఆఖర్లో వచ్చే పాట కోసమైనా ఆడాలని అందరూ ఎందుకంటారో ఇప్పుడర్థమైంది. ఎడిత్ ఫించ్ ఒకే రాత్రిలో అయిపోయింది. ఆ చేపల ఫ్యాక్టరీ ఘట్టం తర్వాత కాసేపు అలాగే కూర్చుండిపోయాను. రాత్రిడ్యూటీ తమ్ముడూ, థ్యాంక్స్ రా.

పర్సోనా 5 రాయల్ మాత్రం తీసి పక్కన పెట్టేశాను. వంద గంటలకి పైమాటే. పదహారు గంటలు ఆడాను, బాగుంది కూడా, కానీ నా వల్ల కాదు. స్కూలు పిల్లల పరీక్షలు, స్నేహాలు, పార్ట్ టైమ్ ఉద్యోగాలు. రోజంతా స్టాండప్ మీటింగులయ్యాక ఇంటికొచ్చి మళ్లీ క్యాలెండర్ చూసుకోవడమా? మిగతా కథ యూట్యూబ్‌లో చూసి పూర్తయినట్టే రాసుకున్నాను.

వెలెన్_బాటసారి | 14 జూలై 2025, ఉదయం 8:50

యూట్యూబ్‌లో చూస్తే పాసయినట్టు కాదు బ్రో, గ్రేస్ మార్కులు అంటారు దాన్ని.

గోదారిగట్టు | 14 జూలై 2025, ఉదయం 9:30

గ్రేస్ కూడా కాదు, కాపీ కొట్టడం. డబ్బులు పోసి కొన్నది మధ్యలో వదిలేయడం నాకు నచ్చదు. విస్తట్లో అన్నం పారేసినట్టుంటుంది.

జాయ్‌స్టిక్_జానకి | 14 జూలై 2025, ఉదయం 11:15

గోదారిగట్టు గారూ, మీరు నేర్చుకున్నది గేమ్‌లు దొరకని కాలంలో. గంటకింత అని కట్టి ఆడిన మనిషికి వదిలేయడం కష్టమే, కాదనను. ఇప్పుడు కరువు గేమ్‌లకి కాదు, గంటలకి. ఇష్టం లేనిదాని మీద ఇంకో ఎనభై గంటలు పెడితే కొన్న డబ్బు తిరిగి వస్తుందా? స్టీమ్ రీఫండే తీసుకోండి, కొన్న పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటలకి మించి ఆడకపోతేనే ఇస్తారు. ఆ హద్దు దాటాక డబ్బు ఎటూ వెళ్లిపోయింది.

గోదారిగట్టు | 14 జూలై 2025, మధ్యాహ్నం 12:40

డబ్బు గురించి కాదమ్మా. కష్టంగా ఉన్నచోట ఆపేస్తే, కష్టం దాటాక ఏముందో ఎప్పటికీ తెలీదు. సెకిరోలో ఒక్క గెన్‌ఇచిరో అనే శత్రువు దగ్గరే పదకొండు రోజులు ఆగాను. పన్నెండో రోజు కొట్టా. ఆ రోజు ఆఫీసులో అందరికీ టీ నేనే పోయించా. యూట్యూబ్‌లో చూసుంటే ఆ టీ ఉండేదా?

జాయ్‌స్టిక్_జానకి | 14 జూలై 2025, మధ్యాహ్నం 12:55

ఉండేది కాదు, ఒప్పుకుంటా. కానీ అది మీకు కష్టం అనిపించింది, విసుగు అనిపించలేదు. రెండూ ఒకటి కాదు. సెలెస్ట్ నాకు ప్రాణం మీదికి తెచ్చింది, అసిస్ట్ మోడ్‌లో వేగం కాస్త తగ్గించి మరీ పూర్తి చేశాను. వదల్లేదు. అదే అసాసిన్స్ క్రీడ్ వల్హాలా ఏమాత్రం కష్టం లేకపోయినా నలభై గంటల దగ్గర వదిలేశాను.

లోడింగ్_లింగం | 14 జూలై 2025, మధ్యాహ్నం 3:10

కొనడమెందుకు మాస్టారూ, తాళం తీసేసిన క్రాక్ కాపీలు దించుకుంటే ఎలాంటి గిల్టూ ఉండదు. లింక్ ఇదిగో [నిర్వాహకులు తొలగించారు]

నిర్వాహకుడు | 14 జూలై 2025, మధ్యాహ్నం 3:25

లింగం, ఇది రెండోసారి. మూడోసారి ఉండదు. మిగతావాళ్లు కొనసాగించండి, వాదన బాగుంది.

సప్లీ_శీను | 19 ఆగస్టు 2025, రాత్రి 11:50

నెలకి పైగా కనబడలేదు, ఆఫీసులో రిలీజ్. ఎప్పట్లాగే ఐదు వారాలు ఏమీ ముట్టుకోలేదు. నిన్న విచర్ తెరిచాను. నోట్‌బుక్‌లో ఇలా ఉంది: "క్రోస్ పెర్చ్. బ్యారన్ భార్యా కూతురూ కనబడట్లేదు. ఇంట్లో వాళ్ల గదులు వెతకాలి. కుడి మౌస్ బటన్ నొక్కి పట్టుకుంటే ఆనవాళ్లు చూపించే విచర్ సెన్స్."

అంతే. నేరుగా వెళ్లి గది వెతికాను. జీవితంలో మొదటిసారి గ్రిఫిన్ మొహం చూడకుండా విచర్ ఆడాను.

వెలెన్_బాటసారి | 20 ఆగస్టు 2025, ఉదయం 8:15

ఇప్పుడు దారిలో పడ్డావు. అందులోని గ్వెంట్ పేకాట మొదలుపెట్టావా?

సప్లీ_శీను | 20 ఆగస్టు 2025, రాత్రి 10:40

అందుకే గంట గంటన్నరైంది. ప్రపంచం మునిగిపోతున్నా కనబడ్డ ప్రతి షాపువాడితో పేకాటే.

రాత్రిడ్యూటీ | 4 సెప్టెంబర్ 2025, రాత్రి 8:20

హాలో నైట్ రెండో భాగం సిల్క్‌సాంగ్ వచ్చేసింది!! 2019లో ప్రకటించారు, ఇన్నేళ్లు చూశాం. ఒక్కసారిగా జనం ఎగబడితే దుకాణాలే కాసేపు మొరాయించాయి. నాకు ఇప్పుడే దొరికింది. శీను అన్నా, కొనకు. హాలో నైట్ నీ 45లో ఉందని నాకు తెలుసు.

సప్లీ_శీను | 4 సెప్టెంబర్ 2025, రాత్రి 11:15

పేమెంట్ పేజీ దాకా వెళ్లాను. యూపీఐ పిన్ కొట్టబోతుంటే ఈ పోస్ట్ నోటిఫికేషన్ వచ్చింది. వెనక్కొచ్చేశాను. హాలో నైట్ 2018లో కొన్నది, మొదటి బెంచీ దగ్గర కూర్చున్నవాణ్ణి ఇంకా లేవలేదు.

గోదారిగట్టు | 5 సెప్టెంబర్ 2025, ఉదయం 6:00

శభాష్. ఈ ముక్క నేను మనస్ఫూర్తిగా అంటున్నా.

సప్లీ_శీను | 7 అక్టోబర్ 2025, రాత్రి 11:20

దసరాకి మా ఊరెళ్లొచ్చాం. ఈసారి స్టీమ్ ఆటం సేల్ కూడా సరిగ్గా పండగ వారంలోనే పెట్టారు, సెప్టెంబర్ 29 నుంచి నిన్నటి దాకా. ఊళ్లో సిగ్నల్ సరిగ్గా అందక ఏమీ కొనలేకపోయాను. ఏ పుణ్యమో!

లెక్క చెప్పేస్తాను. పూర్తయినవి ఐదు. పోర్టల్, ఎడిత్ ఫించ్, ఫైర్‌వాచ్, ఇన్‌సైడ్, రాజీ. చివరిది పుణె వాళ్లు చేసిన గేమ్. మన గుళ్లు, మన బొమ్మలు చూస్తుంటే ముచ్చటేసింది, ముగింపు మాత్రం అర్ధాంతరంగా తెంపేసినట్టుంది. వదిలేసినవి పదకొండు, వాటిని కనబడకుండా హిడెన్‌లో పడేశాను. విచర్ నోవిగ్రాడ్ నగరం దాకా వచ్చింది. రెడ్ డెడ్‌లో మంచు దిగాను. ఐదేళ్ల తర్వాత పచ్చగడ్డి కనిపిస్తే కళ్లు చెమర్చాయి, నిజం. మిగిలినవి 29.

కానీ అసలు సంగతి వేరే ఉంది. లెక్కలోంచి కొట్టేసిన ఆ ఎపిక్ స్టీలు డబ్బాల్లో ఒకటి మొన్న తెరిచాను. ఎ షార్ట్ హైక్. ఒక చిన్న పిట్ట, ఫోన్ సిగ్నల్ కోసం కొండెక్కుతుంది. బంగారు ఈకలు ఏరుకుంటే ఇంకా పైకి ఎగరగలదు. మొత్తం గంటన్నర గేమ్. ఊళ్లో పిట్టగోడ ఎక్కి సిగ్నల్ వెతుక్కున్న నాకు ఆ పిట్ట బాధ బాగా అర్థమైంది. పాప పక్కన కూర్చుని చూసి, కంట్రోలర్ లాక్కుంది. కొండ మీదికి వెళ్లదు. సముద్రం ఒడ్డున అందరితో మాట్లాడుతుంది, చేపలు పడుతుంది, ఎక్కిన కొద్దిపాటి ఎత్తునుంచి గాల్లోకి దూకి "నాన్నా చూడు" అంటుంది. పదకొండు గంటలు అయింది దాని మీద. విచర్ మీద ఈ నెలలో నేను పెట్టింది ఏడు.

జాయ్‌స్టిక్_జానకి | 8 అక్టోబర్ 2025, ఉదయం 9:10

మీ నోట్‌బుక్‌లో పాప పేజీ కూడా ఒకటి పెట్టండి శీను గారూ.

సప్లీ_శీను | 8 అక్టోబర్ 2025, రాత్రి 10:45

తనే పెట్టుకుంది. చేప బొమ్మ వేసి పక్కన 3 అని రాసింది. ఇంకా మూడు పట్టాలో, మూడు పట్టిందో నాకు తెలీదు, అడిగితే కోప్పడుతుంది.

గోదారిగట్టు | 9 అక్టోబర్ 2025, ఉదయం 6:10

శీనూ, దీపావళికి మా చెల్లెలి కొడుకు వస్తున్నాడు, ఆరేళ్లవాడు. ఆ పిట్ట గేమ్ నా దగ్గర లేదు. సేల్ మళ్లీ ఎప్పుడు?

టెక్సాస్_తెలుగోడు | 9 అక్టోబర్ 2025, ఉదయం 6:40

వింటర్ సేల్ డిసెంబర్‌లో సార్. మరి మీ చేతిలో ఉన్నది పూర్తయిందా?

గోదారిగట్టు | 9 అక్టోబర్ 2025, ఉదయం 6:42

లేదు. ఎల్డెన్ రింగ్‌లో మలీనియా అనే శత్రువు దగ్గర ఉన్నా.

గోదారిగట్టు | 9 అక్టోబర్ 2025, ఉదయం 6:55

కొనేశా. పూర్తి రేటుకే. ఎవరూ నవ్వకండి.